మూడేళ్ల అనుభవం

అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ బోర్డుల మధ్య ‘నటన నేర్పబడును’ అన్న బోర్డు ముందురోజే ఎక్కింది. జీవితమంతా నాటకాలాడిన మాస్టారి ఎదుట తొలి శిష్యురాలు వచ్చి కూర్చుంది.

“ఎల్లుండి ఇంటర్వ్యూ ఉంది సార్. నేను ఫ్రెషర్‌నే గానీ, రెజ్యూమెల మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ అని పెట్టిన. గట్లనే కనపడాలె.”

“అంటే వేషమే కదమ్మా! సరే, వాళ్లు అడిగినట్టే అడుగుతాను. ఎన్నేళ్లు పనిచేశారు?”

“మూడేళ్లు సార్!”

“దొరికిపోయావు తల్లీ. నిజంగా చేసినవాళ్లు అలా టక్కున చెప్పరు. పైకి చూసి, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటారు.”

“గట్లనా? గోడ మీద ఫొటోల ఉన్న గా దుర్యోధనుడి వేషం మీరు ఎన్నిసార్లు వేసిండ్రు సార్?”

మాస్టారు సీలింగు వైపు చూశారు. “తెనాలిలో పదకొండు... ఏలూరులో వానొచ్చి సగంలో ఆగిపోయింది, అదీ కలిపితే... డెబ్బయ్యో, డెబ్బై రెండో.”

“మస్తు! డైరెక్షన్ చేసినవి ఎన్ని?”

“పరిషత్తు పోటీలకి చేసినవి ఆరు... కాలేజీ పిల్లలతో ఓ మూడు... తొమ్మిదనుకుంటా.”

“మరి యాక్టింగ్ ఎన్నేళ్ల సంది నేర్పిస్తున్నరు?”

“ఇరవయ్యేళ్లు!”

ఆమె కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

“పైకి చూడలేదు సార్. మళ్ల అడుగుత, చెప్పుండ్రి.”