నాగుల్ మీరా పేరు మీద

సలామ్ చెప్పనండీ ఇవాళ. చెప్పనంటే చెప్పను.

ప్రతి శుక్రవారం వచ్చి, ఆడవాళ్ళు లోపలికి రాకూడదన్నారని ఈ ఖబరస్తాన్ గోడ బయటే నిలబడి, మీకు సలామ్ చెప్పి, ఇంటి సంగతులన్నీ చెప్పుకుని వెళ్ళేదాన్ని కదా. ఇవాళ శుక్రవారం కాదు. చెప్పడానికి రాలేదు. అడగడానికొచ్చాను.

ఏం చేశారండీ మీరు? అసలేం చేశారు?

ఆగండి. ఆయాసంగా ఉంది. ఊళ్ళోంచి ఇంతదూరం నడిచే వచ్చాను. ఆటో ఎక్కొచ్చుగా అంటారు మీరు. ఎక్కితే ఆటోలోవాళ్ళంతా "హాజీ కరీముల్లా గారి వదిన గారా, జరగండి, కూర్చోనివ్వండి" అంటారు. ముసునూరంతా ఇప్పుడు అదే మాట. అది వినలేకే నడిచొచ్చాను.

పోయిన వారం ఏం చెప్పాను మీకు? మీ తమ్ముడు మక్కా నుంచి తిరిగొచ్చాడని చెప్పాను. "మీ పేరు మీద హజ్ అయిపోయిందండీ, ఇక నిశ్చింతగా ఉండండి" అని ఈ గోడ పట్టుకునే ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను! అదంతా విని ఊరుకున్నారా? లోపల నవ్వుకున్నారా?

ఛీ, ఏం మాటలు మాట్లాడిస్తున్నారండీ నాచేత!

సరే, మొదట్నుంచీ అడుగుతాను. మంచం మీద ఉన్నప్పుడు మీరు నాతో ఏమన్నారు? ఊపిరి అందక, రెండు దిళ్ళు ఎత్తు పెట్టించుకుని కూర్చుని, నా చెయ్యి పట్టుకుని ఏమన్నారు? "సైదా, ఇద్దరం కలిసి హజ్‌కి వెళ్దామనుకున్నాం. నా వల్ల కాలేదు. నేను పోయాక నా పేరు మీద బదల్ హజ్ చేయించు. తమ్ముడిచేతే చేయించు" అన్నారు. అన్నారా లేదా?

నేనేమన్నాను? "వేరేవాళ్ళెందుకండీ, నేనే వెళ్తాను, ఇప్పుడు ఆడవాళ్ళని కూడా జట్టుగా పంపుతున్నారు, మీ పేరు మీద నేనే చేసొస్తాను" అన్నాను. పెళ్ళాన్ని కదా! మీకు నీళ్ళు పోసింది నేను, మీ బట్టలు మార్చింది నేను. మీ బదులు అక్కడ నిలబడే హక్కు నాకు కాక ఎవరికుంటుంది అనుకున్నాను.

మీరు తల అడ్డంగా ఊపారు. అప్పటికప్పుడు మసీదు హజ్రత్ గారిని పిలిపించారు. ఆయన, పాపం, ఉన్నమాటే చెప్పాడు. "తన హజ్ తను చేసుకోకుండా ఇంకొకరి పేరు మీద చెయ్యడం బాగోదమ్మా. ముందోసారి చేసొచ్చినవాళ్ళయితే మంచిది" అన్నాడు.

నేను చేసుకోలేదు కదా! మీతోపాటే వెళ్దామని ఆగినదాన్ని. చేసొచ్చినవాడు కరీముల్లానే కదా. సౌదీలో, దమ్మాంలో డ్రైవరుగా ఉన్నప్పుడే చేసొచ్చాడని, ఊరు ఊరంతా వాణ్ణి హాజీ అనే కదా పిలిచేది. సరే, రాసిపెట్టింది అంతే అనుకున్నాను.

అప్పుడు మీ మొహం చూశాను. తేలికపడ్డట్టు కళ్ళు మూసుకున్నారు. నాకిప్పుడు అర్థమవుతోంది ఆ కళ్ళు మూసుకోవడం!

మీరు పోయాక నేను పడ్డ పాట్లు ఈ గోడకి తెలుసు. పూత చూసి మామిడితోట కాపు కొనడం మీ విద్య. నాకేం తెలుసు? నేను షెడ్డులో కూర్చుని కాయ ఏరి, గడ్డిలో మాగబెట్టేదాన్ని, అంతేగా. అయినా వెంకాయమ్మ గారి కాళ్ళావేళ్ళా పడి, ఆవిడ తోట కాపు నేను మాట్లాడుకున్నాను. "నీవల్ల అవుతుందా సైదాబీ, మగదిక్కు లేకుండా" అంది ఆవిడ. "మా ఆయన హజ్ కోసమండీ" అన్నాను. వేరే బేరం వచ్చినా నాకే ఇచ్చింది.

పూత దగ్గర్నుంచి కోత దాకా తోటలోనే పడున్నాను. మంచుకి పూత మాడిపోతే ఏడ్చాను. పిందె నిలబడితే ఏడ్చాను. గాలొచ్చి కాయంతా రాలిపోయిన రోజున, ఆ రాలుకాయల మధ్య చతికిలబడి, "యా అల్లా, ఇది నాకోసం కాదు, ఆయన కోసం" అని దువా చేశాను. అయినా చాల్లేదు. నా హజ్‌కని దాచుకున్నది కూడా తీసి అందులో కలిపేశాను. ఎవరూ కలపమనలేదు. మీది అయిపోతే నాది ఎప్పుడో ఒకప్పుడు అదే అవుతుందిలే అనుకున్నాను.

కరీముల్లాని గన్నవరం దాకా వెళ్ళి విమానం ఎక్కించాను. వాడు నా మొహం చూడలేదు. చూడకపోతే, వెళ్తున్న భక్తి అనుకున్నాను! హజ్‌కి అసలైన రోజు, అరఫాత్ మైదానంలో నిలబడే రోజున ఫోన్ చేశాడు. వెనకాల జనం ఘోష. "వదినా, దువా చేస్తున్నాను" అని ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. ఆ రోజు మన వీధిలో ఒక్క గడప వదల్లేదండీ, బుట్టల్లో చిన్నరసాలు పెట్టుకుని మీ పేరు చెప్పి పంచాను. "నాగుల్ మీరా గారు ఇవాళ అరఫాత్‌లో ఉన్నట్టే" అన్నారంతా. నేను మురిసిపోయాను.

మురిసిపోయానండీ! వెర్రిదాన్ని.

మొన్న చార్లెస్ వచ్చాడు. మీరు చూళ్ళేదేమో అతన్ని, చింతలపూడి ఆయన. దమ్మాంలో మీ తమ్ముడూ ఆయనా ఒకే గదిలో ఉండేవాళ్ళట, ఒకే సేఠు దగ్గర బండ్లు తోలేవాళ్ళట. నేస్తం హజ్ చేసొచ్చాడని తెలిసి, మిఠాయి పొట్లం పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. కరీముల్లా మధ్యాహ్నం నమాజుకి వెళ్ళాడు. నేనే మన వసారాలో కూర్చోబెట్టి, ఖర్జూరం పెట్టి, మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళు ఇచ్చాను.

ఆయన ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "మొత్తానికి సాధించాడండీ వదిన గారూ మావాడు" అన్నాడు.

"సాధించడమేంటండీ, అతనికిది రెండోది కదా" అన్నాను నేను.

"రెండోదా? మొదటిదెక్కడిదండీ? మా సేఠు పాస్‌పోర్టులు తన బీరువాలో పెట్టేసుకునేవాడు. హజ్ రోజులొస్తే వాడికి అస్సలు సెలవిచ్చేవాడు కాదు. ప్రతి ఏడూ బక్రీద్ నాడు గదిలో పడుకుని గోడకేసి తిరిగి ఏడ్చేవాడు. ఇంత దగ్గరుండి వెళ్ళలేకపోతున్నాను చార్లెస్ అనేవాడు. నేను కిరస్తానీవాణ్ణి, నాకేం తెలుసు ఆ బాధ! అయినా నాకూ కడుపు తరుక్కుపోయేది" అన్నాడు.

ఆయన సంతోషంగానే చెబుతున్నాడండీ. ఆయనకేం తెలుసు?

చార్లెస్‌ని సాయంత్రం బస్సెక్కించి కరీముల్లా తిరిగొచ్చాడు. అన్నం వడ్డించాను. వడ్డించి, "తినండి హాజీ గారూ" అన్నాను. ఎప్పుడైనా వాణ్ణి నేను గారూ అన్నానా? చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"చార్లెస్ చెప్పాడా వదినా" అన్నాడు.

"దమ్మాం నుంచి హజ్ చేసొచ్చానని ఎందుకు చెప్పావురా మాకు?"

"నేను చెప్పలేదు వదినా. బస్సు దిగేసరికి దండలు పట్టుకుని నిలబడ్డారు. హాజీ హాజీ అంటున్నారు. అమ్మ కూడా దండ పట్టుకుని నిలబడి ఉంది. కాదని ఎలా చెప్పను? ఆ పూట ఊరుకున్నాను. తర్వాత చెప్పే రోజు రాలేదు."

అంతవరకూ నాకు వాడి మీదే కోపమండీ. కొట్టేదాన్నేమో కూడా. "మరి మీ అన్నయ్య హజ్‌నైనా సరిగ్గా చేశావా? తెల్లబట్టలు కట్టుకునేటప్పుడు ఎవరి పేరు మీద చేస్తున్నానని నియ్యత్ చెప్పుకున్నావు? నా కళ్ళల్లోకి చూసి చెప్పు" అన్నాను.

"నా పేరు మీదే వదినా" అన్నాడు.

ద్రోహీ అన్నాను. చచ్చిన అన్నని మోసం చేశావన్నాను. నేను తోటలో ఎండకి మాడి పంపిస్తే ఆ హజ్ దొంగిలించావన్నాను. నోటికొచ్చిందల్లా అన్నాను. వాడు అన్నీ పడ్డాడు. అన్నీ పడి, అప్పుడు చెప్పాడు.

"అన్నకి తెలుసు వదినా. అన్నే చేసుకోమన్నాడు."

తెలుసా? మీకు తెలుసా? వాడు దమ్మాం నుంచి వచ్చిన వారానికే తోటలో మీ దగ్గర కూర్చుని నిజం చెప్పుకున్నాడట కదా! అన్నేళ్ళూ నా పక్కన పడుకుని, నాతో ఒక్క ముక్క అనలేదు మీరు. పైగా, మంచం పట్టాక వాణ్ణి దగ్గరికి పిలిచి ఏమన్నారట? "ఊరు హాజీ అన్నప్పుడల్లా నువ్వు తల దించుకోవడం చూస్తూనే ఉన్నానురా. నేను పోయాక నా పేరు చెప్పుకుని వెళ్ళు. అక్కడ మాత్రం నీ పేరు మీదే చేసుకో. లోకానికి నా బదల్, అల్లాకి నీ హజ్" అన్నారట!

ఎంత బాగా చెప్పారండీ! ఎంత పెద్ద మనసు! తమ్ముడి కోసం సొంత హజ్ వదులుకున్న అన్న!

మరి నేనెవర్ని?

అదీ అడిగాను వాణ్ణి. "నాకెందుకు చెప్పలేదురా" అని. "చెబుదామనే అన్నాను వదినా, అన్న వద్దన్నాడు" అన్నాడు. ఎందుకు వద్దన్నావట నువ్వు? వాడు చెప్పలేక చెప్పాడు. "దానికి తెలిస్తే, అయితే నేనే వెళ్తానంటుంది. నిన్ను వెళ్ళనివ్వదు" అన్నావట.

అదిగో, నువ్వు అని వచ్చేసింది నోట్లోంచి. పెళ్ళయిన దగ్గర్నుంచి మీరు అనే అన్నాను. ఇప్పుడొచ్చింది. రానీ.

తెలిస్తే నేను అడ్డుపడేదాన్నా? అదేనా నన్ను నువ్వు చూసింది? నాకు హజ్ కాలేదు, బాగోదని చెప్పించావు. వాడికి మాత్రం అయిందా? ఆ హజ్రత్ గారి మాట నాకొకటీ వాడికొకటా? ఆయన్ని పిలిపించింది నాకు మంచి చెప్పించడానికి కాదు, నా నోరు మూయించడానికి. ఆ పెద్దమనిషికీ తెలీదు తనెందుకొచ్చాడో.

ఏమో నాగుల్ మీరా, అడిగుంటే ఇచ్చేదాన్నేమో. "సైదా, తమ్ముడు ఇలా కుమిలిపోతున్నాడు, నాదీ నీదీ కలిపి వాడికిద్దామా" అని ఒక్కసారి అడిగుంటే, ఏడ్చి, రెండు రోజులు అన్నం మానేసి, సరే అనేదాన్నేమో. వాడు మాత్రం నాకు పరాయివాడా? నా చేత్తో అన్నం పెట్టి పెంచినవాడు. అడగనే లేదు నువ్వు. ఇవ్వడానికి నాకు సందే ఇవ్వలేదు. నా దగ్గర్నుంచి తీసుకున్నావు.

వాడు శుక్రవారం జుమ్మా నమాజు నాడు మసీదులో నిలబడి అంతా చెప్పేస్తానంటున్నాడు. వద్దన్నాను. వాడి పరువు కోసం అనుకోకు. నీ పరువు కోసం అసలే కాదు.

వాడు చెబితే రేపు ఊళ్ళో ఆడవాళ్ళంతా మన వసారాలోకి వస్తారు. నన్నే అడుగుతారు. "అయ్యో సైదాబీ, అన్నేళ్ళు కాపురం చేశావు, తమ్ముడితో చెప్పిన మాట మీ ఆయన నీతో ఎందుకు చెప్పలేదే?" అంటారు.

ఏం చెప్పను నేను?

అందుకే నోరు మూసుకున్నాను. ఎవరైనా అడిగితే మా ఆయన హజ్ అయిపోయిందనే చెబుతాను. అబద్ధమే. మీ అన్నదమ్ములిద్దరూ కలిసి నాకు మిగిల్చింది అదొక్కటే.