సగం కరిగిన రాయి

రాళ్ళకి పాలిష్ పట్టే షెడ్డు పక్కన, టీ బంకు దగ్గర గొడవ జరుగుతోంది. లారీలోకి ఎక్కాల్సిన పలకని గచ్చు మేస్త్రి ఎక్కించనివ్వలేదు. నల్లటి రాతి నిండా తెల్లటి పాయలు మెలికలు తిరిగి ఉన్నాయి.

"నేనడిగింది గ్రానైట్. రెండు రకాల ముక్కల్ని జిగురేసి అతికించి, పైన మెరుగు పెట్టి నాకు అంటగడతారా? ఈ పని చేసినావిడ ఇక్కడ ఉన్నంతకాలం నేను ఈ షెడ్డు గడప తొక్కను."

"నేను జిగురు ముట్టలేదన్నా" అంది పాలిష్ పట్టినావిడ. అప్పటికే చాలాసార్లు చెప్పింది. ఒళ్ళంతా రాతి పొడి, కళ్ళ నిండా నీళ్ళు.

బెంచీ మీద బరమా బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. క్వారీల్లో బరమాతో రాళ్ళకి బెజ్జాలు వేసీ వేసీ రిటైరైన మనిషి.

"కూర్చో మేస్త్రీ. ఆ రాయి పుట్టుక నీకు తెలీదు. నేను కళ్ళారా చూశాను."

"మొదలెట్టాడు" అన్నాడు టీ బంకాయన, స్టవ్వు మంట తగ్గిస్తూ.

"వయసులో ఉన్నప్పుడు నా బరమా దిగిందంటే ఆగేది కాదు. ఒకనాడు అందరూ చేతులెత్తేసిన మొండి బండకి నేను బెజ్జం మొదలెట్టాను. టిఫిను వేళకి మనిషి లోతు. అంతవరకు ఎవడైనా చేస్తాడు, కాదనను. మధ్యాహ్నానికి బావి లోతు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కడ్డీకి కడ్డీ తొడుగుతూనే ఉన్నాను, అది దిగుతూనే ఉంది, ఊళ్ళో ఉన్న కడ్డీలన్నీ అయిపోయాయి, పక్క ఊరి నుంచి తెప్పించాను. బయటికి లాగి చూస్తే మొన ఎర్రగా కణకణలాడుతోంది. దాంతోనే చుట్ట ముట్టించుకుని, సరే, సంగతేంటో చూద్దామని, కడ్డీ పట్టుకుని కిందికి జారాను."

"చేతులు కాల్లేదా?" అన్నాడు టీ బంకాయన.

"తడి తువ్వాలు చుట్టుకున్నాగా! అడ్డురాకు. కింద నిప్పుల సముద్రం ఉంటుందనుకుంటున్నారు కదూ? అదేం లేదు. అంతా రాయే. పైనున్న కొండల బరువంతా దాని నెత్తిన. ఆ బరువుకి, ఆ వేడికి అది మెత్తబడి, దుప్పటిలా మడతలు పడుతోంది. దగ్గరికెళ్ళి చూద్దును కదా, దానికి చెమట పడుతోంది. తెల్లటి చెమట."

బాబాయ్ గొంతు తగ్గింది. మేస్త్రి వైపు కాకుండా ఆవిడ వైపు తిరిగాడు.

"రాయి మొత్తం ఒక్కసారే కరగదమ్మాయ్. ఐసుపుల్ల చీకితే తీపి ముందొచ్చేసి ఉత్త ఐసు మిగల్దూ, అలాగన్నమాట. పలుగురాయి, దాని పక్కనుండే తెల్ల గింజలు ముందు లొంగుతాయి. లోపల ఇరుక్కున్న కాస్త తడి వాటికి సాయం. నల్ల అభ్రకం లాంటివి మాత్రం బిగుసుకుని కూర్చుంటాయి. తెల్ల చుక్క ఇంకో తెల్ల చుక్కని వెతుక్కుంటుంది, కలిసి సన్నటి పాయవుతాయి. అంతలో చల్లబడ్డాయో, ఉన్నచోటే గడ్డకట్టి ఇదిగో, ఈ పలకవుతాయి. చదువుకున్నవాళ్ళు మిగ్మటైట్ అంటారు. కలగలుపు రాయి. వెళ్ళిపోదామని సగం మనసు, ఉండిపోదామని సగం మనసు."



"చల్లబడకపోతే?" అంది ఆవిడ.

"పాయలన్నీ ఒక్కటవుతాయి. చుట్టూ ఉన్న రాతికన్నా తేలిక కదా, బీటలు వెతుక్కుంటూ పైకొచ్చి, ఎక్కడో ఒకచోట తీరిగ్గా చల్లారి గ్రానైటవుతాయి. ఇది నీ గ్రానైట్‌కి పుట్టిల్లు మేస్త్రీ! పుట్టింటినే కాదంటున్నావు."

మేస్త్రి ముఖంలో కోపం కొంచెం తగ్గింది. అది చూసి బాబాయ్‌కి హుషారొచ్చింది. అక్కడితో ఆపితే బాగుండేది.

"నేను పైకెలా వచ్చాననుకున్నారు? ఆ పాయ మీదే ఎక్కి కూర్చున్నాను! కొండల్ని భుజంతో పక్కకి నెట్టుకుంటూ వచ్చాను. నడకంటారా, నత్త కూడా నవ్వుతుంది. అంతలేసి గింజలు కట్టాలంటే తొందరపడితే అవుతుందా? లక్షల ఏళ్ళు పట్టింది, అంతసేపూ దాని మీదే ఉన్నాను. పైకొచ్చేసరికి క్వారీలో పని దిగే సైరన్ కొట్టారు. ఇంటికెళ్ళి స్నానం చేశాను."

"అదే సాయంత్రమా బాబాయ్?" అన్నాడు మేస్త్రి.

"అదే... సాయంత్రమే..."

"లక్షల ఏళ్ళు పట్టిందన్నావు?"

టీ బంకాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. పలకని పక్కకి తిప్పి, పాలిష్ పట్టని అంచు మీద నీళ్ళు పోసింది.

"ఇక్కడ చూడన్నా."

మేస్త్రి గొంతుకూర్చున్నాడు. తెల్లపాయ మడత మీద మడత పడుతూ పలక మందం పొడుగునా లోపలికంటా దిగి ఉంది. నలుపులోంచి తెలుపులోకి గోరు ఆనించి గీశాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ గీశాడు. గోరుకి ఎక్కడా గీత తగల్లేదు.

లేచి చేతులు దులుపుకున్నాడు.

"నీ కథలో అతుకులు కూర్చున్నచోటి నుంచే కనిపించాయి బాబాయ్. దీంట్లో ఎంత వెతికినా దొరకట్లేదు" అని, ఆవిడ వైపు తిరిగాడు. "తప్పుగా అన్నాను చెల్లెమ్మా. ఎక్కించు."