దిగంబర్ సేట్ చెప్పిన పుస్తకాలు

నాందేడ్ పాత మోండా వెనక గల్లీల పుస్తకాలు చదువుకునే వాచనాలయం ఒకటి ఉన్నది. దాని ఎదురుంగనే ముత్తెమ్మ చాయ్ బండి. లోపల మాట్లాడొద్దని బోర్డు పెట్టిండ్రు గనుక మాట్లాడేటోళ్లందరు బండి కాడికే వస్తరు. పొద్దుగూకంగ అందరికంటె ముందుగాల వచ్చేది, అందరికంటె వెనక లేచేది దిగంబర్ సేట్.

సేట్ ఒకప్పుడు మోండాల జొన్నలు, కందులు కొని అమ్మినోడు. పిడికెడు గింజలు అరచేతిల పోస్కొని, ఇది బిలోలి దిక్కు పంట, ఇది కర్ఖేలి దిక్కు పంట అని చెప్పేటోడు. ఇప్పుడు దుకాణం కొడుకు చూసుకుంటుండు. పొద్దుపోక సేట్ వాచనాలయంల మెంబరైండు. బడి చిన్నప్పుడే ఇడిచిండు. అక్షరం పక్కకు అక్షరం పేర్చుకుంట, కూడబలుక్కుంట చదువుతడు గని, ఆ సంగతి బయటికి పొక్కనియ్యడు. పుస్తకాన్ని గూడ గింజల తీరుగనే అరచేతిల పెట్టి తూస్తడు. రెండు పేజీలు అటూఇటూ తిప్పి వాసన చూసి, "ఇది మంచి మాల్, పట్కపో" అంటడు. చిత్రమేందంటే శానసార్లు ఆ మాట బరోబరే అయితది.

రేపు పొద్దున గ్రంథదిండి. ఏటేట పుస్తకాలను పూల పల్లకిల పెట్టి, తాళాలు కొట్టుకుంట, గలగలమనే లేజిమ్‌లు పట్టి ఆడుకుంట బజారంత ఊరేగిస్తరు. ఆ ఏడు మస్తుగ చదివినోళ్లు ఒక్కరు పల్లకి ముంగట నడుస్తరు, తలకు ఫేటా గట్టుకొని, భుజాన శాలువ కప్పుకొని. గా ఫేటా కావాలె సేట్‌కు. తన దుకాణం ముంగట నుంచి, తన్ను ఎన్నడో మర్చిపోయిన మోండా వ్యాపారుల కండ్ల ముంగట నుంచి, ఒక్కసారి అట్ల నడవాలె. ఇగ వేరే ఆశ లేదు.

దానికి ఒక్కటే షరతు. ఇంకో మెంబర్ ఎవలన్న పదిమందిల నోరు తెరిచి, "ఈయన చదివిండు, నా కండ్లతోని చూసిన" అనాలె. వాచనాలయానికి తాళం వేసే లోపలనే అనాలె. పుస్తకాలిచ్చే దీపాలి ఈ సంగతిల ఎవల మాటా వినది. పోటీల మిగిలింది ఇద్దరే. ఒకరు సేట్. ఇంకొకరు శివరాం, ఎస్టీ అనే సర్కారు బస్సుల కండక్టర్ జేసి రిటైరైనోడు. శివరాం మూలకు కూసోని చదువుకుంటడు, ఎవలితోని మాట కలపడు, గనుక ఆయన సంగతి ఎవలికీ తెల్వది. సేట్ అందరితోని మాట కలుపుతడు, గనుక ఆయన సంగతి అందరికీ తెలుసు. పొద్దుగూకే యాళ్లయింది, ఇద్దరి తరఫున ఇంకా ఎవలూ నోరు తెర్వలే.

శివరాంతోని సేట్‌కు మాటల్లేవు. ఎన్నడో మాహూర్ పోయే బస్సుల కిటికీ సీటు కోసం సేట్ లొల్లి పెడితే, శివరాం సీటీ ఊది, నిండు బస్సు చూస్తుండంగ నడిమిట్ల దింపిండు. ఆ దినం రేణుకమ్మ దర్శనం తప్పింది. అమ్మవారు మాఫ్ జేసిందేమో గని సేట్ చెయ్యలే.

గిప్పుడు బండి కాడ బల్ల మీద ఆటో నడిపే జ్ఞానేశ్వర్ కూసున్నడు. ఆయన గూడ మెంబరే. దీపాలి చాయ్ తాగెటందుకు బయటికొచ్చి నిలబడ్డది. సేట్‌కు ఇంతకంటె మంచి యాళ్ల దొరకదు. గొంతు సవరించిండు.

"జ్ఞానేశ్వరా, బట్టల దుకాణం రోషన్ ఉన్నడు గదా, నిద్ర వస్తలేదు కాకా, దవాఖానలన్ని తిరిగిన అని నా దగ్గరికొచ్చిండు. నేను నాడి పట్టి చూసి, ఇది దవాఖాన పని కాదుర అయ్యా, అల్మారి పని అని ఒక ఎర్రట్ట పుస్తకం ఇచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కథల మొదటి మనిషి చెప్పులు తొడుక్కొని గడప దాటకముందే రోషన్ గుర్రుపెట్టిండు."

"గట్లయితే ఆ పుస్తకం మంచిదా కాకా, ఖరాబుదా?" అన్నడు జ్ఞానేశ్వర్.

"దవాయి రుచి అడుగుతరార ఎవలన్న? పని జేసిందా లేదా, గది అడుగు."

ముత్తెమ్మ చాయ్ గిన్నె దించుకుంట నవ్వింది. "సేట్, నాకో పుస్తకం చెప్పు, మా ఆయన పొద్దుగాల లేచే పుస్తకం."

"నీ ఆయన సంగతి తర్వాత చూద్దం. ముందు గీ మొగుడుపెండ్లాల సంగతి విను. మా గల్లీలనే ఉంటరు, పేర్లొద్దు. ఏడాది సంది ఒకరి మొఖం ఒకరు చూడరు, ఉప్పు కావాలన్నా గోడకు చెప్తరు. రెండు భాగాల నవల ఒకటి తీసి మొగనికి మొదటి భాగం ఇచ్చిన, పెండ్లానికి రెండో భాగం ఇచ్చిన. గంతే! ఈయనకేమో ఆఖరుకు ఏమైందో తెల్వాలె, ఆమెకేమో అసలు సురు ఎట్లయిందో తెల్వాలె. ఆగుతరా? మాట సురువైంది. సురువైంది గని బంద్ అయితలేదు, పగలు లేదు రాత్రి లేదు ఒకటే ముచ్చట. పక్కింటోళ్లు వచ్చి నా కాళ్ల మీద పడ్డరు, సేట్, వీళ్ల నోర్లు మూయించే పుస్తకం ఉంటే ఇయ్యి అని."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన. వ్యాకరణం."

దీపాలి చాయ్ పొరపోయి దగ్గింది. సేట్‌కు హుషారెక్కింది. బల్ల మీద ఇంకొంచెం ముందుకు జరిగిండు.

"గివన్ని చిన్న పనులు బిడ్డా. బిలోలిల నిజామాబాద్ బస్సెక్కేటోడు ఒకడు, తొవ్వల చదువుకుంట కాకా, ఏదన్న చెప్పు అన్నడు. ఒకటి చెప్పిన. వాడు మనసుల చదువుకుంటే అయిపోవు, బయటికి చదివిండు. ముందు సీటోళ్లు వెనక్కి తిరిగిండ్రు, వెనక సీటోళ్లు ముందుకొచ్చిండ్రు. దిగేటోళ్ల ఊర్లొచ్చినయ్, దిగలే. నిజామాబాద్ వచ్చింది, దిగలే. డ్రైవర్ గూడ, నేను ఆపితే వీడు ఆపుతడని, బస్టాండుల మలిపి మళ్ల బిలోలికి తోలిండు. బిలోలి కెళ్లి మళ్ల నిజామాబాద్. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మంజీర బ్రిడ్జి మీద డీజిల్ అయిపోయింది. కథ అయిపోలే! బండి మిగిలిన తొవ్వంత కథ మీదనే నడిచింది."

"కాకా," అన్నడు జ్ఞానేశ్వర్, "నా ఆటోకు అసొంటి పుస్తకం ఒకటి చూడు. పంపు కాడ లైను తప్పుతది."

"నవ్వు, నవ్వు. కర్ఖేలికి పోయి నవ్వు, తంతరు. ఆడ ఒక రైతు బాయి ఎండిపోయింది. అడుగున కప్ప గూడ లేదు. ఆయన పెండ్లాం మన వాచనాలయానికొస్తే ఏడ్పు పుస్తకం ఒకటి చేతిల పెట్టిన. బాయి గడ్డన కూసోని చదివి ఏడ్చింది. ఏమైందని వచ్చినోళ్లు, ఏమైందో విని ఏడ్చిండ్రు. ఊరంత గడ్డన కూసుంది. తెల్లారి చూస్తే బాయి నిండ నీళ్లు!"

"కండ్లనీళ్లు ఉప్పగుంటయ్ గద సేట్," అన్నది ముత్తెమ్మ. "పంట సావదా?"

ఈ ముత్తెమ్మ గూడ కర్ఖేలిదే అని అప్పుడు సేట్‌కు యాదికొచ్చింది. అయినా మాట దిగనియ్యలే. "సచ్చేదే! అందుకనే గద నవ్వుల పుస్తకం ఒకటి వెంటనే పంపింది. అదే గడ్డన కూసోని అందరు నవ్వితే నీళ్లు తియ్యగైనయ్. మీ ఊర్ల అడుగు."

"అడుగుత," అన్నది ముత్తెమ్మ. "మా తమ్ముడు ఇంకా ట్యాంకరు నీళ్లే తాగుతుండు."

"బాయి నీళ్లు పుస్తకాల వాసనొస్తయని తాగడేమో. ఇగ పోయిన ఏడు వాచనాలయంల కవుల సభ అయింది జూడు. ఒక కవి ఎక్కిండు, దిగుతలేడు. చదువుతనే ఉన్నడు. కుర్చీలల్ల మనుషులు ఒక్కొక్కరు వాల్తున్నరు. నేను లేచి, కవిగారు, మీరు జర కూసోండ్రి, ఈ ఊరోళ్లు ఏం చదవాలెనో నేను చెప్త అని సురు జేసిన. ఒక్కొక్క పుస్తకం పేరు చెప్తుంటే, ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? చప్పట్లు! మనుషులు కాదు, వాళ్లు నిద్రపోతుండ్రి. అల్మారీలల్ల పుస్తకాలే అట్టలు కొట్టుకుంట చప్పట్లు కొట్టినయ్!"

"ఫ్యాన్ గాలికి కొట్టుకున్నయేమో కాకా."

"కరెంటు లేకుండె!"

"కాకా," అన్నది దీపాలి మెల్లగ, "ఆ సభల నేను ముందు వరుసల్నే ఉన్న గదా."

"నువ్వు అందరికి చాయ్ చెప్పెటందుకు బయటికొచ్చినవ్ బిడ్డా. సరిగ్గ గప్పుడే అయింది."

జ్ఞానేశ్వర్ తొడ మీద చరిచి, "దీపాలి తాయి, ఇగ కాకాకే..." అన్నడు. ఫేటా ఏ రంగుది గట్టాలె, కుచ్చు ఏ దిక్కుకు ఇడవాలె, అన్ని సేట్ కండ్లల్ల మెదిలినయ్. జ్ఞానేశ్వర్ నోరు అక్కడనే ఆగింది. "గని చూసిన అని అనాలె గదా? నేను ఇన్న. చూడలే."

"ఇన్నది నడ్వదు," అన్నది దీపాలి. "చూసుండాలె."

"శివరాం కాకాకు గూడ గదే తిప్పలు. లోపలి అర్రల పెద్దల్మారి మొత్తం చదివిండంటరు. చూసినోడు ఒక్కడు లేడు."

శివరాం పేరు వినంగనే సేట్‌కు కడుపుల మంట లేచింది. తను ఇంతసేపు నోరు నొప్పి పెట్టంగ చెప్తే, పేరు ఆయనది వచ్చుడేంది?

"శివరామా? ఆయనతోని చదివిచ్చింది ఎవలు? టికెట్లు చింపుడు తప్ప ఏం తెలుసు ఆయనకు? పెద్దల్మారి మొత్తం నేనే చదివిచ్చిన!"

"మీకు మాటల్లేవు గద కాకా?"

"మాటలెందుకుర? ఆయన చెయ్యి ఏడికి పోతదో ఆడ నేను ముందుగాల్నే మంచి మాల్ పెట్టి పోతుంటి. నేను పెట్టింది పెట్టినట్టు చదివిండు. ఎట్ల చదివిండనుకున్నవ్! గోడ మీద బల్లి పురుగులు పట్టుడు ఇడిచి ఆయన పేజీ తిప్పుడు చూసేది."

"మొత్తం అల్మారి చదివిండా కాకా?" అన్నది దీపాలి.

"మొత్తం!"

"నువ్వు నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన! ఎదురుంగ కూసోని చూసిన. మాహూర్ రేణుకమ్మ మీద ఆన!"

దీపాలి చాయ్ గ్లాసు బండి మీద పెట్టింది. "బస్. శివరాం కాకాకు మెంబర్ మాట దొరికింది. అందరు విన్నరు గదా?"

ఇప్పుడు సేట్ ఏం జెప్పాలె? అబద్ధమంటే రోషన్ నిద్ర కాడికెళ్లి రేణుకమ్మ ఆన దాక అన్ని అబద్ధాలే అయితయ్. నిజమంటే ఫేటా బస్సుల సీటీ ఊదినోని తలకెక్కుతది.

గప్పుడే శివరాం లోపల నుంచి బయటికొచ్చిండు, చంకల పుస్తకం పెట్టుకొని. దీపాలి ఎదురు పోయి చెప్పింది. "కాకా, రేపు ఫేటా నీదే. నువ్వు చదివినవని మెంబర్ ఒకరు చెప్పిండ్రు."

శివరాం నమ్మలే. "నా తరఫున మాట్లాడినోడు ఎవడున్నడు బిడ్డా?"

"దిగంబర్ కాకా."

శివరాం సేట్ దిక్కు ఒకసారి చూసి, తల అడ్డంగ ఊపిండు. "గట్లయితే నాకొద్దు. సేట్ చెప్పిండంటే, నేను ఒక్క పేజీ గూడ చదవలేదని రేపు మోండా మొత్తం అనుకుంటది."

జ్ఞానేశ్వర్ ఫక్కున నవ్విండు. ముత్తెమ్మ కొంగు నోట్లె పెట్టుకుంది.

సేట్ ఊకుంటే అయిపోవు. శివరామే వద్దంటుండు, ఫేటా మళ్ల ఇద్దరి నడుమ పడ్తది. తాళం వేసెటందుకు ఇంకా యాళ్లున్నది. గని ఆ నవ్వు చెవులల్ల ఉడుకుడుకు నూనె పోసినట్టయింది. ఇంతసేపు బల్లి మాటకు ఎవలూ ఇట్ల నవ్వలే, బాయి మాటకు ఎవలూ ఇట్ల నవ్వలే. ఉన్నదున్నట్టు చెప్పిన ఒక్క మాటకు నవ్వుతున్నరు! సేట్ లేచి నిలబడ్డడు.

"నేను అబద్ధమాడినా? శివరాం, ఎండకాలంల నీలం అట్ట పుస్తకం చదివినవ్. సగం కాడికొచ్చి మూసినవ్. అద్దాలు తీసినవ్, తుడిచినవ్. అద్దాలు కాదు తుడిచింది, కండ్లు. ఆ దినం మళ్ల తెర్వలే. తెల్లారి వచ్చి ఇడిచిన కాడికెళ్లి చదవలే, మళ్ల మొదటికెళ్లి పట్టినవ్. ఎవలన్న సచ్చిండ్రా అందుల?"

సేట్ గొంతు దిగిపోయింది. 'ఎర్కేనా' అనలే, చెయ్యి ఊపలే.

"అవ్," అన్నడు శివరాం. "బస్టాండుల ఒక ముసలామె."

"నవ్వులది చదివితే నీ కడుపు ఊగుతది, మూతి కదలది. మాటలుంటే పెదవులు ఆడిస్తవ్. పాట వస్తే మడిమ నేలకు కొడతవ్. పేజీ తిప్పుడుకు వేలు నాలికకు తడుపుతవ్, గది శాన గలీజు అలవాటు, కాయితం ఖరాబైతది. గని ఒక్క పేజీ దాటియ్యవ్. వాన దినాలల్ల పైకప్పు కారి బల్ల తడిస్తే పుస్తకం ఒడిల పెట్టుకొని నువ్వు తడిసినవ్. అల్మారి అడుగు వరుస అయినంక ఆడనే నేల మీద కూసోని, ఇగ ఏం లేదా అన్నట్టు చేత్తోని అరలు తడిమినవ్. చదివినవ్. చదవలేదన్నోడు నా ముంగటికి రావాలె!"

ఈసారి ఎవలూ నవ్వలే. దీపాలి మెల్లగ, "ఇగ ఎవలు అడ్డం చెప్పినా నడ్వదు," అన్నది. "ఫేటా శివరాం కాకాకే."

శివరాం చంకల పుస్తకం తీసి చేతిల పట్టుకున్నడు. సేట్ ముంగటికొచ్చి నిలబడ్డడు. ఇన్నేండ్లకు మొదటిసారి ఇద్దరు అంత దగ్గర నిలబడుడు. శివరాం మొఖంల నవ్వు లేదు, కోపం లేదు. నిజంగనే తెల్వక అడిగినట్టు అడిగిండు.

"ఇన్నేండ్ల సంది పొద్దంత నన్నే చూస్తుంటివి గదా సేట్, మరి నువ్వెప్పుడు చదివినవ్?"

జ్ఞానేశ్వర్ బల్ల మీదికెళ్లి జారిండు. ముత్తెమ్మ కొంగు అడ్డం పెట్టుకునుడు గూడ మర్చిపోయి నవ్వింది. దీపాలి తాళం చెవి తీసుకొని, మొఖం అటు తిప్పుకొని లోపలికి ఉరికింది.

దిగంబర్ సేట్ బల్ల మీద మెల్లగ కూసున్నడు. గ్లాసు ఎత్తి అడుగు దాక తాగిండు. మూతి తుడుచుకున్నడు.

"ముత్తెమ్మా," అన్నడు, "గీ చాయ్‌ల అల్లం వేసినవా, మర్చినవా?"