తివాచీలో పుట్టిన కరెంటు

సైఫుల్లాగారు నిజం చెప్పరని ఎవరూ అనరు. చెబుతారు. కాకపోతే ఆయన నోట్లో పడ్డ నిజం బయటికొచ్చేసరికి బాగా ఒళ్ళు చేసి వస్తుంది. ఏలూరు పవర్‌పేటలో ఏసమ్మ టీకొట్టు బల్ల మీద ఆయన కూర్చున్నారంటే, టీ తాగేసి లేచినవాళ్ళు కూడా మళ్ళీ కూర్చుని ఇంకో టీ చెప్పేవారు.

ఆ రోజు మాత్రం ఆయన చూపంతా రోడ్డుకి అటుపక్కే ఉంది. అక్కడ మేనకోడలు ముస్కాన్ ఇంటర్నెట్ సెంటరు ఖాళీ అవుతోంది. తోమా ఒక్కొక్క మానిటరూ మోసుకొచ్చి తన ఆటోలో సర్దుతున్నాడు. ముస్కాన్‌కి జంగారెడ్డిగూడెంలో ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరు ఉద్యోగం దొరికింది. సామాను ఇంట్లో దింపేసి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతోంది. సెంటరు మూసేద్దామనుకున్నప్పట్నించీ ఆ పిల్ల మేనమామతో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. తిట్టినా బాగుండును. తిట్టడం లేదు, అదే ఆయన్ని తినేస్తోంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి మందు మింగనని మొండికేస్తే ఈయన పక్కన కూర్చుని ఒక కోత కోసేవారు. పిల్ల నవ్వడానికి నోరు తెరవగానే వాళ్ళమ్మ రహీమున్నీసా మందు పోసేసేది. వెళ్ళేలోపు ఇంకొక్కసారి అలా నవ్వితే చాలు, అనుకున్నారు సైఫుల్లాగారు. అందుకే రోడ్డు అవతలికి వినబడేలా గొంతు పెంచారు.

“ఏవండీ భాస్కరరావుగారూ! ఆ సెంటరు ఎందుకు మూతపడిందో ఊళ్ళో తలా ఒక మాట అంటున్నారు. అసలు సంగతి నన్నడగండి.”

భాస్కరరావుగారిది కలిదిండి. రొయ్యల చెరువుల మేత కోసం వచ్చి, లారీ కోసం చూస్తూ అక్కడ చతికిలబడ్డారు. “అడక్కపోయినా చెబుతారు కదండీ,” అన్నారు టీ ఊదుకుంటూ.

“అదేనండి మరి! మాది తాతల నాటి నుంచీ తివాచీల ఇల్లా, మా మగ్గం మీంచి దిగిన తివాచీ అంటే కాలు పెట్టినవాడు మళ్ళీ తీయడాయె. పిల్లేమో సెంటరు పెట్టింది, ఏసీ పెట్టించింది, కింద చూస్తే బోడి సిమెంటు నేల. మేనమామ అన్నాక ఊరుకుంటాడా అండీ? నిఖార్సయిన ఉన్ని తివాచీ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిపించేశాను. కంప్యూటరు గదంటే చెప్పులు బయట విప్పాలి కదండీ, గుడికెళ్ళినట్టు, మసీదుకెళ్ళినట్టు. కుర్రాళ్ళు ఆ మెత్తదనానికి అడుగు తీసి అడుగు వేయకుండా కాళ్ళు రాసుకుంటూ నడిచేవారు. ఆ ఉన్నీ, ఆ ఏసీ పొడిగాలీ కలిసి ఒంట్లోకి కరెంటు ఎక్కించేది. స్టాటిక్ కరెంటంటారు దాన్ని. మామూలు తివాచీకి ఏదో చీమ కుట్టినంత పుడుతుంది. మాది కాబట్టి...”

“కాబట్టి?” అంది ఏసమ్మ.

“ఒక కాలేజీ కుర్రాడొచ్చి కీబోర్డు మీద వేలు పెట్టాడో లేదో, టిక్‌మంది! నీలంగా ఒక మెరుపు. కీబోర్డు చచ్చూరుకుంది. పక్కదాని దగ్గరికెళ్ళాడు, అదీ పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు నేను స్వయంగా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, జానెడు దూరంలో నిలబడి వేలు చూపించానండి. ముట్టుకోలేదు సుమండీ, చూపించానంతే! మీటల మీదున్న అక్షరాలన్నీ లేచిపోయి పైకప్పుకి అంటుకున్నాయి. ‘ఏ’ ఒక మూల, ‘జెడ్’ ఒక మూల. పాపం ఆడపిల్లలు నిచ్చెనలేసుకుని టైపు నేర్చుకోవాల్సొచ్చింది.”

ఏసమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సైఫుల్లాగారు ఓరగా రోడ్డు అవతలికి చూశారు. ముస్కాన్ ఒక కీబోర్డుకి దాని వైరు చుడుతోంది. తలెత్తలేదు.

నిజంగా జరిగింది ఆయనకి తెలియకపోలేదు. డిగ్రీ రిజల్ట్సు వచ్చిన రోజు సెంటరు కిటకిటలాడింది. కుర్రాళ్ళు హాల్‌టికెట్ నంబరు కొట్టబోతే అంకెలు పడవు. ఒకటి తర్వాత ఒకటి కీబోర్డులు మొరాయించాయి. కొత్తవి తెచ్చి తగిలిస్తే అవీ నాలుగు నాళ్ళకే పోయేవి. కుర్రాళ్ళు వెనక వీధిలో ఇంకో సెంటరుకి మళ్ళారు, మళ్ళినవాళ్ళు మరి రాలేదు. ఈ ముక్క కథలోకి తేవడానికి ఆయనకి నోరు రాలేదు. తెస్తే నవ్వెక్కడుంటుంది?

“మెకానిక్కొచ్చి చూసి, ఈ బిల్డింగుకి ఎర్త్ లేదు, కరెంటు దిగే దారిలేక మీ ఒంట్లోనే ఉండిపోతోందండీ అన్నాడు. ఇక చూస్కోండి! ఇంటికెళ్ళి నేను గుమ్మంలో అడుగుపెడితే లైటు వెలిగేది, బయటికొస్తే ఆరిపోయేది. ఊరంతా కరెంటు కోత ఉన్నా...”

“కరెంటు కోతేనా అండీ, ఇంకేదన్నా కోతా?”

“అడ్డం రాకండి భాస్కరరావుగారూ! వీధిలోవాళ్ళు మా ఇంటికొచ్చి, బాబ్బాబు, ఒక్కసారి మా మిక్సీ పట్టుకోండి, పచ్చడి రుబ్బుకుంటాం అని బతిమాలేవారు. ఎంతమందికని రుబ్బుతాం? ఇది కాదు పని అని కొల్లేరు వెళ్ళి, గట్టు మీద కూర్చుని నీళ్ళలో చేతులు ముంచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒంట్లో ఉన్నదంతా సుయ్‌మని దిగిపోయింది. కొల్లేరంతా ట్యూబులైటులా వెలిగింది! కొంగలన్నీ ఈకలు నిక్కబొడుచుకుని బంతుల్లా దొర్లాయి. మీ కలిదిండి చెరువుల దాకా పాకిందండి ఆ కరెంటు. ఆ ఏడు మీ రొయ్యలు పోలేదూ?”

“మా రొయ్యలు పోయింది వైరస్ వచ్చి కదండీ!”

“ఆ వైరస్ ఎక్కడిదనుకున్నారు? కంప్యూటర్లోదే! కీబోర్డు లోంచి నా చేతికెక్కి, నా చేతిలోంచి కొల్లేట్లో దిగింది!”

ఆటోలో సామాను సర్దుతున్న తోమా కూడా పడీపడీ నవ్వాడు. భాస్కరరావుగారు కళ్ళు తుడుచుకుని, “బాగుందండోయ్. అంత కరెంటు పుట్టించి, బిల్డింగుకి ఎర్త్ పెట్టలేకపోయారు గాని పిల్ల వ్యాపారానికి మాత్రం శుభ్రంగా ఎర్త్ పెట్టేశారన్నమాట!” అన్నారు.

అందరూ ఘొల్లుమన్నారు. ఎవరి పనైనా చెడగొడితే ఎర్త్ పెట్టాడనడం అందరికీ ఊతపదమే, భాస్కరరావుగారూ మాటవరసకే అన్నారు. సైఫుల్లాగారు కూడా వాళ్ళతోపాటు నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎదురుగా ముస్కాన్ నిలబడి ఉంది. చంకలో ఆఖరి కీబోర్డు పెట్టుకుని రోడ్డు దాటి ఎప్పుడొచ్చిందో ఆయన చూసుకోలేదు.

“వచ్చావా తల్లీ! నువ్వే చెప్పు వీళ్ళకి. నేను చెప్పినదాంట్లో అబద్ధమేమన్నా ఉందా?”

“లేదు మామూ. కొల్లేరు వెలగడం నేనూ చూశాను,” అంది ముస్కాన్.

బల్ల మీదవాళ్ళు మళ్ళీ నవ్వారు. సైఫుల్లాగారికి ప్రాణం లేచొచ్చింది. మాట్లాడింది! మామూ అని పిలిచింది!

“కాకపోతే ఒక్కటి మర్చిపోయారు,” అంది ముస్కాన్.

“ఏంటమ్మా?”

“నేను వద్దన్నాను కదా.”

ఆమె గొంతులో కోపం లేదు. “ఉన్ని వద్దు మామూ, కీబోర్డులు పోతాయి, అన్నాను. నేను తాడేపల్లిగూడెం వెళ్ళొచ్చేసరికి పరిపించేశారు.”

“మరి... పోతున్నాయని తెలిశాక తీసి అవతల పారేయకపోయావా తల్లీ!” ఆయన అరిచినట్టే అన్నారు గాని అది బతిమాలుకున్నట్టే వినబడింది.

“రోజూ సాయంత్రం వచ్చేవారు. చెప్పులు విప్పి, దాని మీద అటూ ఇటూ నడిచి, ఎలా ఉందమ్మా మన తివాచీ అనేవారు. ఎలా తీయను మామూ? మీరు చిన్నబుచ్చుకోరూ?”

ఏసమ్మ టీ పోస్తున్నదల్లా ఆగింది. భాస్కరరావుగారు తల దించుకున్నారు. బాగుంది మామూ, చాలా బాగుంది, అని ఆ పిల్ల అన్న సాయంత్రాలన్నీ సైఫుల్లాగారికి గుర్తొచ్చాయి. అప్పుడు ఎంత పొంగిపోయారో అదీ గుర్తొచ్చింది.

ముస్కాన్ ఆయన ముఖంలోకి చూసింది. చూసి, గబుక్కున మాట మార్చేసింది.

“అయినా తివాచీ తప్పేముంది మామూ? ఆ కీబోర్డులే ఉత్త నాసిరకం. మంచివి కొనుంటే ఇవాళ్టికీ ఆడేవి. నేనే కక్కుర్తిపడ్డాను.” అని నవ్వింది. ఆయన పొద్దుట్నించీ దేనికోసం గొంతు చించుకున్నారో ఆ నవ్వే. “వెళ్ళొస్తాను. అమ్మని కనిపెట్టుకుని ఉండండి.”

ఆటో ఎక్కింది. తోమా హారన్ కొట్టుకుంటూ మలుపు తిప్పేశాడు.

ఏసమ్మ వేడి టీ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, “బెంగెట్టుకోకండి బాబుగారూ. అమ్మాయే చెప్పింది కదండీ, తప్పంతా ఆ కీబోర్డులదేనంట,” అంది.

సైఫుల్లాగారు గ్లాసు పట్టుకుని ఆటో పోయినవైపే చూస్తూ ఉండిపోయారు.

“కోతమ్మా అది,” అన్నారు. “నా దగ్గరే నేర్చుకుంది.”