మంటలెక్కిన కాళ్లు, మగ్గం మీది పెండ్లిచీర

"అవ్వా, నడిచొస్తే సాయంత్రానికి పాదాలు మండతాయంటావు గదా, తాతకు గూడా ఇట్లే ఉండేదా?"

నాదేముందిలే పాపా, నాది ఉత్త తిమ్మిరి. మీ తాతది సూడాల్సింది! అప్పుడు మేము ధర్మవరంలో ఉంటిమి, మీ నాయన ఐదో తరగతి... కాదు, ఆరు. తాతకు షుగరుందని పెనుకొండ డాక్టరు పొద్దున్నే నడువు అని చెప్పె. ఆయన మొండోడు గదా, అరిగిపోయిన హవాయి చెప్పులేసుకొని రైలు స్టేషను దాటి యాడికో పోయి వస్తాండె. వచ్చి మళ్ల మగ్గం గుంతలోకి కాళ్లు దించి పొద్దుగూకేదాకా తొక్కేది. సాయంత్రానికి ఇంగ సూడు, పాదాలకు కారం పూసినట్ల మంట, సూదులు గుచ్చినట్ల పోట్లు. "నడక చాల్లేదే" అని మర్నాడు ఇంకా దూరం పోతాండె. నొప్పి ఇంకా ఎక్కువాయె. ఎవురు చెప్తే వింటాడమ్మా! వాళ్ల నాయన గూడా అంతే, జొరమొచ్చినా... పోనీలే, ఆ కత ఇప్పుడెందుకు.

ఒగ దినం తొక్కేకట్టె మీద కాలు పెడితే పెట్టినట్లే తెలీలేదంట. మగ్గం నిలిచిపాయె. దాని మీద ఎవురిదో పెండ్లిచీర, సగమే అయింది. ఇంకొకర్ని కూచోబెడదామంటే కుదర్దు పాపా. ఒక్కోరి చేతి దెబ్బ ఒక్కో మాదిరి ఉంటాది, చెయ్యి మారిన చోట చీరలో అడ్డంగా గీత పడతాది. గీత పడితే షావుకారు తీసుకోడు, ఇంగ మళ్ల నేసేదానికి పట్టు ఇయ్యడు. నాకైతే ఏడుపొచ్చె.

హిందూపురంలో నరాల డాక్టరు దగ్గరికి పిలుచుకోని పోతి. ఆయన అంతా విని నవ్వె. "ఏమప్పా, దినమంతా మగ్గంలో కాళ్లాడించేది లెక్కలోకి రాదా నీకు? నడక మానొద్దు. కొంచెం కొంచెం నడువు, మెత్తని చెప్పులేసుకో, మంట పుడితే కూచో. దినామూ పాదాలు సూసుకో, పుండు పడితే వెంటనే రా" అని మాత్రలిచ్చె. కొన్నాళ్లు మగ్గం తొక్కొద్దనె.

తొక్కొద్దంటే చీరెట్ల? నేనే ఆయన పక్కన గుంతలోకి కాళ్లు దించి కూచుంటి. ఇద్దరికి యాడ చాల్తాది ఆ గుంత! నాకి అంతవరకు కండెలకు దారం చుట్టేదే తెలుసు. నేను తొక్కితే ఆయన అడ్డపోగు దాటించే నాడె ఇసిరి, పోగు బిగించే పన్నె కొట్టేది, చేతి దెబ్బ మారకుండా. ఒగ కట్టె బదులు ఇంకోటి తొక్కితే, "ఏమే, చీర నేస్తాండావా, బురద తొక్కుతాండావా?" అని అరుస్తాండె. "నీ కాళ్లు బాగుంటే నాకెందుకీ కర్మ" అని నేనూ ఊరుకోలేదులే. పక్కింటోళ్లు ఒకటే నగు! పోట్లాడి పోట్లాడి, ఒగ దినం సూస్తే మాటల్లేకుండానే సాగుతాండాది మగ్గం.

చీర దిగినాక షావుకారు ఎలుతురులో పట్టి, వేలు పెట్టి తడిమి తడిమి సూసె. గీత లేదు. "కాళ్లు పనిచెయ్యలేదంటిరే, ఎట్ల నేస్తివప్పా?" అనె. తాత నా తట్టు సూసి, "చేతులు నావి సామీ, కాళ్లు మా ఇంటిదానివి" అనె. పదిమందిలో! సిగ్గుతో నేను లోపలికి పోతి గానీ, పాపా, ఎంత సంతోషమైందో ఇప్పుడు గూడా చెప్పలేను.

నొప్పి పూర్తిగా పోలేదులే, తగ్గె, మళ్ల ఆయనే మగ్గం తొక్కె. నువ్వు సల్లగుండు తల్లీ. నీకి బాగలేని దినం, గుంత ఎంత ఇరుకైనా వచ్చి పక్కన కూచునేటోడు దొరకాల నీకి.