ఏడు వరుసల పట్టిక

బెర్గెన్ లైబ్రరీలో శనివారం లినక్స్ క్లబ్బు. ఎస్కిల్ ల్యాప్‌టాప్ తెరిచి అక్క ముందు పెట్టాడు.

“చూడక్కా, ఏడు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు పోల్చి పట్టిక వేశాను. రెండేళ్ల కష్టం!”

“బాగుంది. అమ్మ పాడిన పాటలు దేంతో దాచావు?”

“ఇంకా దాచలేదు. ఏది మంచిదో తేలాలిగా.”

“నీ డిస్కు అప్పుడే మూలుగుతోంది. నీకు తేలేదాకా అది ఆగుతుందట్రా? మొదటి వరుసలోదే ఎక్కించు.”

కాఫీ అయ్యేలోగా పాటలూ పట్టికా బయటి డిస్కులో చేరాయి.

“ఇప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో పట్టిక చెరిపెయ్.”

“అయ్యో, అక్కా!”

“చెరిపెయ్. తిరిగొస్తేనే దాచినట్టు.”

ఎస్కిల్ కళ్లు మూసుకుని చెరిపాడు. బయటి డిస్కు నుంచి తిరిగి రప్పిస్తే ఏడు వరుసలూ చెక్కుచెదరకుండా వచ్చాయి.

“వచ్చిందక్కా! పాటలూ వస్తాయి!”

“ఇక ఆ పట్టికను మళ్లీ చెరిపెయ్. దాంతో పనైపోయింది.”

ఈసారి ఎస్కిల్ కళ్లు మూసుకోలేదు.