దారం బిగిసేలోగా

బెజవాడలో ఓ మగ్గమున్న ఇంటి వసారాలో అత్తాకోడళ్ళు కుండీలో చింతమొక్క ముందు కూర్చున్నారు. ఆ ఇంటి కొడుకు పాండురంగం రంగూన్ వెళ్ళి రెండేళ్ళయింది. యుద్ధంలో అక్కడ జపానువాళ్ళ బాంబులు పడ్డాక ఉత్తరం ముక్క లేదు.

"ఆకులు పండిపోతున్నాయేం అమ్మాయ్? నీళ్ళు పోస్తున్నావా?"

"పోస్తున్నానత్తయ్యా. కుండీలోనే పొట్టిగా, ముసలి మానులా చెయ్యాలన్నారుగా ఆయన! కింది కొమ్మ సాగితేనే మొదలు లావెక్కుతుందంటే, అదీ కొయ్యలేదు. చిటికెనవేలంత ఉండేది, ఇప్పుడు చూడండి, బొటనవేలంతయింది."

"అయింది సరే, ఆ ఎర్రదారమేమిటి? బెరడులోకి దిగిపోయింది!"

"వెళ్ళేరోజు ఆయనే కట్టారు. ఇది బిగిసేలోగా వచ్చి తన చేత్తోనే విప్పుతానన్నారు."

"బిగిసి ఎన్నాళ్ళయింది?"

"కిందటి కార్తీకానికే బిగిసింది."

"ఇంకా ఉంచితే చెట్టు చచ్చిపోతుంది తల్లీ. కత్తెర తే."

"తెంపేస్తే, ఇక రారని మనమే ఒప్పుకున్నట్టు కాదూ?"

"ఎవరన్నారా మాట? రంగూన్ నుంచి జనం అడవుల్లో పడి నడిచొస్తున్నారట. వాడికి చిన్నప్పట్నుంచీ నడక నెమ్మదే."

కోడలు కళ్ళు తుడుచుకుని తనే దారం కత్తిరించింది. బెరడు మీద గాడి పడి ఉంది. అత్తగారు మగ్గం దగ్గరికెళ్ళి, కండెలోంచి మూరెడు దారం లాగి తెంపుకొచ్చింది.

"ఇంత పొడవెందుకత్తయ్యా?"

"ఈసారి బాగా వదులుగా కట్టవే."